నేలకు తగ్గిన కార్లు - వాలుబల్లలు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ యను పల్లెలుండిన చోట నేడు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పిలువబడు కంప్యూటరు కార్యాలయముల ప్రాంతము వెలసియున్నది. 1998వ సంవత్సరము నవంబరు నెలలో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు అచ్చటి రాతిగుట్టల నడుమ మేడలు లేచినవి, రోడ్లు పడినవి, కార్లు నిండినవి. ఆ కార్యాలయములలో పనిచేయు మన సభ్యుల బిడ్డలు పండుగకు ఊరు వచ్చునప్పుడు తెచ్చు కారును, వారు కొన్నాళ్లు వాడి మార్చివేసిన పిదప తండ్రికో అన్నకో మిగులు కారును సామాన్యముగా ఒక్క తీరువే. అవి నున్నని రోడ్డును తలచి చేయబడినవి. వాని కడుపు నేలకు దగ్గరగా నుండును.

ఇట్టి కారు ఇంటికి చేరిన పిదప దానికి ఆయిలు మార్చుట, క్రింది నట్టు బిగించుట, సైలెన్సరు పట్టీ సరిచూచుట మొదలగు చిన్నపనులను తామే చేసికొనవలెనని రైతులకు తోచుట సహజము. ట్రాక్టరునకు ఆయిలు మార్చు చేతులకు ఇది గొప్ప పనియు కాదు. కాని ట్రాక్టరు క్రిందికి మనిషి సుఖముగా దూరును. కారు క్రిందికి చేయి పట్టుటయే కష్టము. అందుచేత ముందరి చక్రములను కొంత ఎత్తున నిలుపుటకు ర్యాంపులు అనబడు వాలుబల్లలు బజారున అమ్ముచున్నారు. ఒక ప్రక్క వాలుగాను, పైన చక్రము నిలుచుటకు చదునుగాను, చివర చక్రము దాటిపోకుండ చిన్న అడ్డుకట్టతోను ఉండు జత బల్లలివి. వీనిని కొనుటయందును వాడుటయందును సభ్యులు గమనింపవలసిన సంగతులను ఈ సంచికలో వివరించుచున్నాము. పని చిన్నదే యైనను, పొరపాటు జరిగినచో పడునది టన్ను బరువు, దాని క్రింద నుండునది మనిషి. కావున కొంత విస్తరించి వ్రాయుటకు పాఠకులు విసుగు చెందకుందురుగాక.

ముందుగా జాకీ సంగతి. కారుతోపాటు వచ్చు జాకీ చక్రము మార్చుటకే గాని క్రింద పనిచేయుటకు కాదు. దాని పాదము ఇరుకు, తల ఇరుకు; నేల కొంచెము క్రుంగినను, ఎవరైనను తలుపు గట్టిగా వేసినను అది ప్రక్కకు ఒరుగును. జాకీమీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి తలగాని ఛాతీగాని పోనీయరాదు. వాలుబల్లమీద కారు తన చక్రములమీదనే నిలుచును గావున ఈ భయము చాల తగ్గును. వాలుబల్ల గొప్పతన మంతయు ఇందులోనే యున్నది.

అయితే బజారులోని బల్లలు అన్ని కార్లకు సరిపడవు. పొట్టివియు నిటారుగా నుండునవియు నైన బల్లలు జీపువంటి ఎత్తు బండ్లకు చక్కగా పనికివచ్చును. నేలకు తగ్గిన కారును వానిమీదికి తోలినచో చక్రము బల్లను తాకకముందే ముందరి బంపరు తాకును. తోలువాడు చక్రము ఎక్కుచున్నదని భావించి ఇంకను యాక్సిలరేటరు త్రొక్కును. బంపరు పగులును, లేదా బల్ల ముందుకు జరిగిపోవును. కావున కొనుటకు ముందు కారును కొలువవలెను.

సాధారణ సెడాన్ కార్లకు నేలకును కడుపునకును నడుమ 165 మిల్లీమీటర్లకు అటునిటుగా సందు ఉండును. జానెడు కంటె తక్కువ యన్నమాట. ఇది ఖాళీ కారునకు చెప్పు లెక్క. జీఎస్టీ మండలివారు 2023 జులైలో పెద్ద బండ్లపై అదనపు పన్నును గూర్చి నిర్ణయించునపుడు, 170 మిల్లీమీటర్ల సందు అనగా బరువు లేని స్థితిలో కొలిచినదేయని స్పష్టపరచిరి. బరువు వేసినకొలది కారు క్రుంగునని దీనివలననే తెలియగలదు. నలుగురు మనుష్యులును వెనుక రెండు టమాటా పెట్టెలును ఉన్నప్పుడు కొలిచిన సందు కాగితముమీది సందు కంటె తప్పక తగ్గును. గాలి తగ్గిన టైరు దానిని మరికొంత తగ్గించును. కావున పుస్తకములోని అంకెను నమ్మక, కారును చదునైన నేలపై నిలిపి, టైర్లలో గాలి సరిచూచి, స్వయముగా కొలుచుకొనుడు.

కొలువవలసిన కొలతలు రెండే. ముందరి టైరు నేలను తాకు చోటినుండి బంపరు క్రింది అంచు ఎంత ముందుకు పొడుచుకొని వచ్చినది? ఆ అంచు నేలకు ఎంత ఎత్తున నున్నది? ఒక కారునకు మొదటిది 75 సెంటీమీటర్లు, రెండవది 18 సెంటీమీటర్లు అనుకొందము. బజారులో 20 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వాలు గల బల్ల యున్నది. టైరు బల్ల మొదటికి వచ్చునప్పటికి బంపరు అంచు 75 సెంటీమీటర్ల ముందుండును. అక్కడ బల్ల తన పూర్తి ఎత్తయిన 20 సెంటీమీటర్లకు చేరియున్నది. అంచు ఎత్తు 18 మాత్రమే. కొట్టుకొనక తప్పదు. అదే ఎత్తుగల బల్లకు వాలు 100 సెంటీమీటర్లున్నచో ఆ చోట బల్ల ఎత్తు 15. మూడు సెంటీమీటర్ల వెలితితో దాటును. వాలు 120 అయినచో బల్ల ఎత్తు అచ్చట పన్నెండున్నర. ఐదున్నర సెంటీమీటర్లు మిగులును. ఇది మేలు. మొదటి ఈ గండము గడిచినచో తరువాత భయము తక్కువ. ఏలయన చక్రము ఎక్కినకొద్దీ కారు ముక్కు చక్రము కంటెను కొంత ఎక్కువగా పైకి లేచును.

లెక్కలయందు ఇష్టము లేనివారికి సులభమైన ఉపాయమొకటి కలదు. బల్లను కారు ముందు గాక ప్రక్కన పెట్టి, బల్ల మొదలు టైరు నేలను తాకు చోటికి సరిగా వచ్చునట్లు జరిపి, మోకాళ్లమీద కూర్చుండి ప్రక్కనుండి చూడుడు. బంపరు అంచు బల్లకు పైన కనబడినచో ఎక్కును. బల్ల వెనుక దాగినచో ఎక్కదు. అమ్మువాని మాట కంటె ఈ చూపు నమ్మదగినది. దుకాణమునకు కారును తీసికొనిపోయి, రూకలిచ్చుటకు ముందే ఈ పరీక్ష చేయవచ్చును.

ఇదివరకే పొట్టి బల్లలు కొనియున్నవారు వానిని పారవేయ నక్కరలేదు. ఐదు సెంటీమీటర్ల మందము, మూరెడు పొడవు గల గట్టి చెక్కను ప్రతి బల్లకు ముందు ఆనించి పెట్టినచో, టైరు మొదట చెక్క నెక్కును. దానితో బంపరు ఐదు సెంటీమీటర్ల పైననే లేచి బల్లను దాటును. చెక్క జరుగకుండ బల్లకు బిగించుట మంచిది.

హైటెక్ సిటీ వైపు కూరలు, పాలు చేర్చువారికి మరియొక వాలు తటస్థపడును. అచ్చటి అపార్టుమెంట్లలోను కార్యాలయములలోను కార్లు నిలుపు చోటు నేల క్రింద, సెల్లారులో నుండును. పైనున్న చదును నేల ఎచ్చట ముగిసి అందులోనికి దిగు వాలు మొదలగునో అచ్చట బంపరు కాక కారు నడిమి కడుపు తగులును. ముందరి చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ రెండున్నర మీటర్ల దూరముండును. నాలుగు మూరలకు మూరెడు లేచు నిటారు వాలు ఎక్కి పైకి వచ్చునపుడు, ఆ మలుపు సరిగా నడుమకు వచ్చినప్పుడు నేల పదిహేనున్నర సెంటీమీటర్ల మేర కారు కడుపులోనికి పొడుచుకొని వచ్చును. పదహారున్నర సెంటీమీటర్ల సందు గల ఖాళీ కారు అంగుళములో సగము కంటె తక్కువ వెలితితో దాటును. బరువుతో నున్న కారు గీచుకొనును. ఎనిమిదింట ఒకటి చొప్పున లేచు వాలున ఈ పొడుపు ఎనిమిది సెంటీమీటర్లకు లోపే. వాకిటి గేటు ముందు మోరీమీద సిమెంటు వాలు కట్టించుకొను సభ్యులును దీనిని గమనింపవలెను. స్థలము లేక వాలు నిటారుగా కట్టవలసి వచ్చినచో, మలుపు మొనను గుండ్రముగా తీర్చవలెనని మేస్త్రీకి ముందే చెప్పుడు. కట్టిన పిదప చెక్కించుట రెట్టింపు ఖర్చు.

ఇక బల్ల దేనితో చేయబడినదై యుండవలెను? ఇనుపరేకు బల్లలు బలమైనవే కాని అతుకులు పట్టుదప్పుచుండును, నున్నని నేలమీద జారును. తుప్పుపట్టిన వెల్డింగు గల పాత బల్లలను ఎంత చౌకగా వచ్చినను కొనరాదు. గట్టి ప్లాస్టిక్కు బల్లలు తేలిక, మోయుటకు సుఖము. కాని ఎండలో పడవైచినచో పెళుసెక్కును. వానియందు సన్నని చీలిక కనబడిన దినమే పక్కన పెట్టవలెను. కొన్నిటికి వాలు భాగము వేరు, చదును భాగము వేరు; కారు ఎక్కిన తరువాత వాలును లాగివేయవచ్చును. ప్రక్కనుండి చేయి పెట్టుటకు అవి అనుకూలములు, వెల మాత్రము ఎక్కువ.

మా యభిప్రాయమున పల్లెకు తగినది కొయ్య బల్ల. బండిచక్రములకు వాడు తుమ్మచెక్క మన వడ్రంగులకు బాగుగా తెలిసినదే. ఎండిన చెక్కలను 28 సెంటీమీటర్ల వెడల్పు, ఐదు సెంటీమీటర్ల మందమున కోయించి మూడు వరుసలుగా పేర్చవలెను: అడుగుది 130, నడిమిది 95, పైది 60 సెంటీమీటర్ల పొడవు. వెనుక అంచులు మూడును సమముగా నుండవలెను. ముందు మెట్లుగా వచ్చును. మెట్ల అంచులను ఏటవాలుగా చెక్కించి, వరుసలను క్రిందినుండి స్క్రూలతో బిగించి, చివరను అడ్డుగా ఒక కొయ్యతునుకను పట్టింపవలెను. ఇది 15 సెంటీమీటర్ల ఎత్తు. పైని చెప్పిన కారు దీనిని మూడు సెంటీమీటర్ల వెలితితో ఎక్కును. క్రింద పనిచేయువానికి ముందువైపున సుమారు ఒక అడుగు సందు దొరకును. కొయ్య నిండు గావున లోపల విరిగి కూలు భాగము లేదు. ముడులు, చీలికలు గల చెక్కను మాత్రము త్రోసివేయుడు. ఇటుకలను, గుల్ల సిమెంటు దిమ్మెలను పేర్చి వానిమీదికి కారు నెక్కించుట కొన్నిచోట్ల కలదు. అది ఎంతమాత్రమును కూడదు. ఇటుక ముందుగా తెలుపక ఒక్కసారిగా పగులును.

బరువు లెక్కలోను మోసపోకూడదు. బల్లపై "రెండు టన్నులు" అని వ్రాసియున్నచో అది జతకా, ఒక్కొక్క దానికా యని అడుగుడు. ముందు ఇంజను గల కారులో సుమారుగా బరువులో నూటికి అరువది పాళ్లు ముందరి చక్రములమీద నుండును. 1100 కిలోల కారునకు 660 కిలోలు, అనగా ఒక్కొక్క బల్లమీద 330. దీనికి రెండింతలైనను మోయగల బల్లనే కొనవలెనని మా సలహా.

నేల చదునుగాను గట్టిగాను ఉండవలెను. తాండూరు బండలు పరచిన వాకిలియు, అపార్టుమెంట్లలోని పాలరాతి నేలయు చూచుటకు చదునే కాని బల్లలు జారుటకు వానికి మించిన చోటు లేదు, అందులోను తడిగా నున్నప్పుడు. బల్లల క్రింద పాత టైరు ట్యూబు ముక్కలను పరచినచో జారుడు తగ్గును. మట్టినేలయందు ఒక బల్ల దిగి మరియొకటి నిలిచినచో కారు ఒరుగును. క్రింద వెడల్పుచెక్క వేయుడు. వాన కురిసిన మరునాడు ఈ పనియే పెట్టుకొనకుడు.

ఎక్కించునపుడు ఇద్దరుండవలెను. ఒకరు తోలుదురు, మరియొకరు ప్రక్కన నిలిచి చెప్పుదురు. కారునకు ఎదురుగా ఎవరును నిలువరాదు. చక్రములను తిన్నగా నిలిపి, రెండు బల్లలను టైర్ల నడిమికి సరిగా పెట్టి, మొదటి గేరులో మెల్లగా ఎక్కింపవలెను. ముందరి చక్రములే లాగు కార్లలో, సెడాన్లు చాలవరకు ఇట్టివే, ఒక్కసారిగా యాక్సిలరేటరు త్రొక్కినచో టైరు బల్లను వెనుకకు విసరును. మెల్లగా పోయినచో బల్ల కదలదు. వెనుక చక్రములు త్రోయు బండ్లలో, అనగా టాటా ఏస్, ఈకో వంటివానిలో, ముందరి చక్రములు బల్లను ముందుకు నెట్టును. అట్టివానికి బల్ల ముందర గోడనో గట్టి దిమ్మెనో ఆధారముగా నుంచవలెను. చదునుమీదికి రాగానే కారు ముక్కు కొంచెము వ్రాలినట్లు తోచును. అక్కడ ఆపవలెను. అడ్డుకట్టను నమ్మి ఇంకను ముందుకు పోరాదు. అది హెచ్చరికకే గాని ఆపుటకు కాదు.

తరువాత హ్యాండు బ్రేకు లాగి, గేరులోనే వదలి, ఇంజను ఆపవలెను. చాల కార్లకు హ్యాండు బ్రేకు వెనుక చక్రములకే పట్టును. ముందు లేపినప్పుడు ఆ వెనుక చక్రములు నేలమీదనే యుండును గావున కొంత ధైర్యము. అయినను రెండు వెనుక చక్రములకును వెనుకవైపున అడ్డుదిమ్మెలు పెట్టక క్రిందికి దూరరాదు. ఎగువన బండి నాపినప్పుడు చక్రము వెనుక రాయి పెట్టుట మన తాతలనాటి పనియే. అయితే గుండ్రని రాయి దొర్లును, ఏటవాలుగా కోసిన కొయ్యదిమ్మె కరచుకొనును. కారు వెనుక భాగమును బల్లల కెక్కించినచో సంగతి మారును: బ్రేకు పట్టు చక్రములు బల్లలమీదనే యుండును, నేలమీది ముందు చక్రములు స్వేచ్ఛగా తిరుగగలవు. అప్పుడు ముందు చక్రములకు ముందువైపున దిమ్మెలు పెట్టుట ప్రాణావసరము. దిమ్మెలు పెట్టిన పిదప ప్రక్కన నిలిచి కారును చేతులతో గట్టిగా ఊపుడు. బల్ల కదలినను, కిఱ్ఱుమనినను దించి మరల పెట్టుడు. పని ముగియువరకు తాళపుచెవి క్రింద పనిచేయువాని జేబులోనే యుండవలెను. ఇంట పిల్లలున్నచో దీనికి మినహాయింపు లేదు.

ఆయిలు మార్చుటకు ఇంజను గోరువెచ్చగా నుండుట మంచిది, కాగుచుండుట కాదు. సైలెన్సరు గొట్టము ఆలస్యముగా చల్లారును. ఆయిలు చాంబరు నట్టు తీసి, కారిన పిదప కొత్త వాషరు వేసి బిగించి, కొత్త ఆయిలు పోయుడు. ముక్కు పైకెత్తియున్న కారులో ఆయిలు కొలకడ్డి నిజము చెప్పదు. బల్లలనుండి దించి, చదునున నిలిపి, కొంతసేపైన పిమ్మట చూడవలెను. దించునపుడు మొదట మనిషి, తరువాత పనిముట్లు, ఆ తరువాత దిమ్మెలు తీసి, బ్రేకుమీద కాలుంచి మెల్లగా వెనుకకు రావలెను.

తీసిన ఆయిలును కాలువలోను, బావి గట్టునను, గెట్టు చెట్ల మొదళ్లలోను పోయు అలవాటు మన వాండ్రలో ఇంకను పోలేదు. 2016వ సంవత్సరపు ప్రమాదకర వ్యర్థముల నిబంధనలలో వాడిన ఆయిలు చేర్చబడియున్నది. చట్టము మాట యటుంచినను, తాగునీటి బావిలో చేరిన ఆయిలును తీయుట ఎవరి వలనను కాదు. డబ్బాలో పోసి మూత బిగించి, వాడిన ఆయిలు కొను గ్యారేజీవారి కియ్యవలెను.

విద్యుత్తు కార్లు కొనువారికి ఒక మాట. వానికి ఇంజను ఆయిలు లేదు గావున ఈ పని చాలవరకు తప్పును. కాని బ్యాటరీ కడుపు పొడవునను పరచియుండును, బరువును ఎక్కువ. క్రింద ఏది చూడవలసివచ్చినను జాకీని బ్యాటరీకి ఆనింపరాదు. బల్లలు కొనునపుడు పైని చెప్పిన బరువు లెక్కను ఆ కారు అసలు బరువుతో చేయవలెను.

తుదకు సంఘముల సంగతి. సంవత్సరమునకు రెండు మూడుసార్లు పనిబడు వస్తువును ప్రతి యింటను కొని అటుకపై పెట్టుట మాకు వ్యర్థముగా తోచుచున్నది. ఒక్కొక్కరు కొన్నప్పుడు చౌకయైన పొట్టి బల్లయే కొందురు. పనిముట్లు అద్దెకిచ్చు సంఘములు పొడుగు వాలు గల మంచి జత నొకదానిని, నాలుగు అడ్డుదిమ్మెలతోను ట్యూబు ముక్కలతోను కలిపి, తైవానుల ప్రక్కన ఉంచవచ్చును. దిమ్మెలు లేకుండ బల్లలు మాత్రము ఎవరికిని ఇయ్యకూడదు. బల్లమీద దాని ఎత్తు, వాలు పొడవు, ఒక్కొక్కటి మోయు బరువు రంగుతో వ్రాయించి, పుస్తకములో ప్రతి సభ్యుని కారు బంపరు కొలతలు రెండును గుర్తించి పెట్టినచో ఇచ్చు గుమాస్తాయే ఎక్కునో ఎక్కదో చెప్పగలడు. తిరిగి వచ్చిన ప్రతిసారి బల్లలను తిరుగవేసి, అడుగున చీలిక గాని, వదలిన స్క్రూ గాని కలదేమో చూచి, నీడన గోడకు ఆనించి నిలుపవలెను.